ఓవెన్‌లో బేక్ చేసిన గుమ్మడి: అపోహలు - వాస్తవాలు

అక్టోబరు సగమయ్యేసరికి డాలస్ చుట్టుపక్కల దుకాణాల ముందు పెద్ద పెద్ద అట్టపెట్టెల నిండా బటర్‌నట్, ఏకార్న్, కబోచా, డెలికాటా రకాల గుమ్మడికాయలు వచ్చి చేరతాయి. ఆ వారం నుంచే, నేను డైటీషియన్‌గా పనిచేసే క్లినిక్‌కు వచ్చే తెలుగువారి దగ్గర ఒకటే ప్రశ్న మొదలవుతుంది: "ఇది తియ్యగా ఉంటుంది కదా, షుగరు ఉన్నవాళ్లం తినవచ్చా?" ఇలా అడిగేవారితో నాకు ఇబ్బంది లేదు. అడగకుండానే మానేసి, ఆ మానేసిన చోటును మరో గరిటెడు అన్నంతో నింపుకొని, తాము పథ్యం చేస్తున్నామని నమ్మేవారిని చూస్తేనే బాధ కలుగుతుంది. నవంబరులో వచ్చే విందుల పండుగ థాంక్స్‌గివింగ్ దగ్గర పడుతున్నకొద్దీ ఈ గొడవ ఎక్కువవుతుంది కాబట్టి, అందరికీ విడివిడిగా చెప్పేది ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: గుమ్మడి తియ్యగా ఉంటుంది కాబట్టి షుగరు ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు.

ఈ భయం వెనుక చాలాసార్లు ఒక పట్టిక ఉంటుంది. గుమ్మడికి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో గ్లూకోజును ఎంత పెంచుతుందో, గ్లూకోజుకు 100 అనుకొని చెప్పే కొలత) 75 అని ఎర్ర అక్షరాలతో రాసి, కింద "దయచేసి మీ వాళ్లందరికీ పంపండి" అన్న విన్నపంతో అది ఏటా కుటుంబ గ్రూపులలో తిరుగుతుంది. ఆ 75 అబద్ధం కాదు. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రచురించిన అంతర్జాతీయ పట్టికలో, దక్షిణాఫ్రికాలో పరీక్షించిన గుమ్మడికి ఆ అంకె నిజంగానే ఉంది. అయితే అదే వరుసలో, కొన్ని గడుల అవతల ఇంకో అంకె ఉంది. ఎనభై గ్రాముల వడ్డనకు గ్లైసీమిక్ లోడ్ 3. పట్టికను ఫోనులో పట్టేటట్టు కత్తిరించిన మహానుభావుడెవరో కాని, మనకు పనికివచ్చే గడినే కత్తిరించేశాడు.

ఈ రెండు అంకెలకూ తేడా ఎక్కడ వస్తుందో కొంచెం ఓపికగా చూడాలి. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం గ్లైసీమిక్ ఇండెక్స్‌ను రూపొందించినప్పటి నుంచీ పరీక్ష పద్ధతి ఒకటే: ఏ పదార్థాన్నైనా అందులోని జీర్ణమయ్యే పిండిపదార్థం (కార్బోహైడ్రేట్లు, అంటే పిండీ చక్కెరా కలిపి) 50 గ్రాములు వచ్చేంత తూకంలో తినిపించి, రక్తంలో గ్లూకోజు ఎంత పెరిగిందో చూస్తారు. పిండిపదార్థం మరీ తక్కువగా ఉన్నవాటికి ఆ మోతాదును 25 గ్రాములకు తగ్గించడమూ ఉంది. ఆ పట్టికలోని లెక్క ప్రకారం 80 గ్రాముల గుమ్మడిలో అటువంటి పిండిపదార్థం సుమారు 4 గ్రాములు మాత్రమే ఉంది కాబట్టి, 50 గ్రాములు రావాలంటే కిలో గుమ్మడి, 25 గ్రాములు రావాలన్నా అరకిలో గుమ్మడి ఒక్క విడతలో తినాలి. కూరగా అంత తినేవారిని నేనింతవరకు చూడలేదు. అందుకే మనం నిజంగా తినే మోతాదును లెక్కలోకి తెచ్చే గ్లైసీమిక్ లోడ్‌ను చూడమంటాము: 75ను 4తో గుణించి వందతో భాగిస్తే 3 వస్తుంది. అదే పట్టికలో ఉడికిన తెల్లన్నానికి సగటు ఇండెక్స్ 64, అంటే గుమ్మడి కంటే తక్కువే. కాని 150 గ్రాముల అన్నంలో 36 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి దాని లోడ్ 23. ఎర్ర అక్షరాలు దేనికి వేయవలసిందో మీరే చెప్పండి. పైగా ఆ 75 గుమ్మడి జాతి మొత్తానికి వర్తించే అంకె కూడా కాదు. తర్వాతి పట్టికలలో ఉడికించిన బటర్‌నట్‌కు 51 అని నమోదైంది.

ఇక కంచంలోకి వద్దాము. ఓవెన్‌లో బేక్ చేసిన బటర్‌నట్ ముక్కలు ఒక కప్పు, అంటే సుమారు 205 గ్రాములు తీసుకుంటే 82 కేలరీలు, 21 గ్రాములకు కాస్త పైన పిండిపదార్థం, ఆరు గ్రాములకు పైగా పీచు వస్తాయి. ఏకార్న్ రకమైతే అదే కప్పుకు 115 కేలరీలు, 30 గ్రాముల పిండిపదార్థం, 9 గ్రాముల పీచు. పొడుగు బియ్యంతో వండిన తెల్లన్నం ఒక కప్పు, అంటే 158 గ్రాములు, 205 కేలరీలతో పాటు దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఇస్తుంది. పీచు మాత్రం ఒక గ్రాము కూడా ఉండదు. గుమ్మడిలో అసలు పిండిపదార్థమే లేదని నేను అనడం లేదు. ఏకార్న్‌లో అది గణనీయంగానే ఉంది. దాన్ని తోటకూరలాగా లెక్క చూడకుండా తినవచ్చని చెప్పేవారి మాట కూడా వినవద్దు. కాని అన్నంతో పోల్చినప్పుడు ఏది తగ్గించాలన్న విషయంలో సందేహానికి తావు లేదు.

ఇంత చెప్పినా చాలామందికి మనసొప్పదు, ఎందుకంటే నాలుక చెప్పేదాన్ని అంకెలు చెరపలేవు. నాలుక చక్కెరను పసిగడుతుంది గాని పిండిని పసిగట్టదు. అన్నం చప్పగా ఉంటుంది, ఇడ్లీ చప్పగా ఉంటుంది, అటుకులు చప్పగా ఉంటాయి. అవన్నీ కడుపులోకి వెళ్లాక గ్లూకోజుగా మారేవే అయినా నోట్లో ఉండగా ఆ మాట చెప్పవు. గుమ్మడి మాత్రం ముందే చెప్పేస్తుంది. కోసిన తర్వాత నిల్వ ఉంచిన వారాలలో కాయలోని పిండిలో కొంత భాగం చక్కెరగా మారుతుంది; ఓవెన్‌లో పెట్టినప్పుడు నీరు ఆవిరై ఆ చక్కెర చిక్కబడి, అంచులు ఎర్రబారతాయి. తీపి పెరిగినట్టు తోస్తుంది, కాని ఆ ముక్కలో ఉన్న పిండిపదార్థం మొత్తం పెరగదు. నిన్న పిండిగా ఉన్నదే ఈ రోజు చక్కెరగా నాలుకకు తెలుస్తోంది, అంతే.

పోయిన చలికాలంలో తణుకు వైపు నుంచి కూతురింటికి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చారు. గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ పెరిగింది, మందులు సరిగ్గానే వేసుకుంటున్నారు, స్వీటు అన్నది నోట పెట్టరు. రాత్రి ఏం తింటారని అడిగితే అన్నం, పప్పు, చారు, పెరుగు అన్నారు. కూతురు అందుకొని, తాను వారానికి రెండుసార్లు ఏకార్న్ గుమ్మడిని మిరియాలు, జీలకర్ర వేసి బేక్ చేస్తుందనీ, అది బల్ల మీద పెట్టినరోజున నాన్నగారు దాన్ని పక్కకు జరిపి, "కూర లేదు కదా" అని ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టుకుంటారనీ చెప్పింది. "తియ్యగుమ్మడి కదమ్మా, మా నాన్నగారికి కూడా షుగరే, ఆయన జన్మలో దప్పళం తినలేదు" అన్నారాయన నాతో, ఎంతో నిబ్బరంగా. మాస్టారితో వాదించి గెలవడం నా వల్ల కాదని తెలిసి, ఆయన షుగరు చూసుకునే మీటరునే అడగమన్నాను. ఒక రాత్రి ఎప్పటిలాగే తిని రెండు గంటల తర్వాత చూసుకోవాలి. ఇంకో రాత్రి అన్నంలో సగం తీసేసి, ఆ చోట ఒక కప్పు గుమ్మడి పెట్టుకొని మళ్లీ చూసుకోవాలి. మిగతావన్నీ అవే ఉండాలి. రెండో రాత్రి అంకె తక్కువగా వచ్చింది. ఆయన దాన్ని నమ్మక మీటరులో బ్యాటరీ మార్చి ఇంకో రాత్రి చూసుకున్నారట. అప్పుడూ అలాగే వచ్చింది. ఒక మనిషి రెండు మూడు రాత్రుల రీడింగులు శాస్త్రీయ రుజువు కావని ఆయనకు కూడా చెప్పాను. అయితే తన శరీరం గురించి తెలుసుకోవడానికి వేరొకరి పట్టిక కంటే తన మీటరే నయమని ఆయన ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గుమ్మడి అన్నం స్థానంలోకి రావాలి, అన్నం పక్కకు కాదు. మామూలుగా తినే అన్నమంతా తిని, రొట్టెలు తిని, ఆ పైన గుమ్మడి కూడా తిని, "మీరే తినమన్నారు" అని నా దగ్గరకు వస్తే నేను చేయగలిగింది లేదు.

అపోహ: బ్రౌన్ షుగర్, మేపుల్ సిరప్ సహజమైనవి కాబట్టి గుమ్మడి మీద వేసుకున్నా ఫర్వాలేదు.

పై అపోహకు ఇది తోబుట్టువు, దానికంటే ఖరీదైనది కూడా. ఇక్కడివారి సంప్రదాయంలో ఏకార్న్ గుమ్మడిని రెండు చెక్కలుగా కోసి, గింజలు తీసిన గుంటలో వెన్న, బ్రౌన్ షుగర్ నింపి బేక్ చేస్తారు. కొన్ని ఇళ్లలో పైన మార్ష్‌మెల్లోలు కూడా పరుస్తారు. అదిమి కొలిచిన ఒక టేబుల్ స్పూను బ్రౌన్ షుగర్‌లో దాదాపు 14 గ్రాములు, మేపుల్ సిరప్‌లో 13 గ్రాములు పిండిపదార్థం ఉంటుంది, అదంతా చక్కెరే. ఒక చెక్కలో రెండు స్పూన్లు వేస్తే గుమ్మడి ఇచ్చేదానికి దాదాపు సమానమైన పిండిపదార్థం, ఒక్క గ్రాము పీచు లేకుండా, పైనుంచి వచ్చి పడుతుంది. ఆ తర్వాత మీటరు అరిస్తే నింద గుమ్మడి మీద పడుతుంది. బెల్లం వేసి చేసిన మన గుమ్మడి పులుసుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. బెల్లంలో ఇనుముందన్న సమాధానం నాకు చెప్పవద్దు.

తీపి లేకుండా ఇది ఎంత బాగుంటుందో తెలియక చాలామంది ఆ చక్కెర వేస్తారు. నేను చెప్పే పద్ధతి ఇది. ముప్పాతిక కిలో, కిలో మధ్య ఉన్న ఏకార్న్ కాయను తొడిమ నుంచి అడుగు దాకా నిలువుగా రెండు చెక్కలు చేసి, గింజలూ నారా స్పూనుతో గీకి తీసేయాలి. కోసిన ముఖానికి చెక్కకు ఒక టీ స్పూను చొప్పున నూనె రాసి, ఉప్పు చల్లి, పార్చ్‌మెంట్ కాగితం పరచిన ట్రేలో బోర్లించి, ముందే 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాలి. మన ఊళ్లలోని ఓవెన్ల లెక్కలో అది సుమారు 200 డిగ్రీల సెల్సియస్. కాయ పరిమాణాన్ని బట్టి 35 నుంచి 45 నిమిషాలలో కత్తి మొన అడ్డు లేకుండా దిగుతుంది. అప్పుడు వెల్లకిలా తిప్పి, వేయించి దంచిన జీలకర్ర పొడి, మిరియాల పొడి చల్లి ఇంకో ఐదు నిమిషాలు ఉంచి తీసి, నిమ్మరసం పిండాలి. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేసిన పోపును చివర్లో ఆ గుంటలో పోస్తే, స్పూనుతో గుజ్జు తీసుకున్న ప్రతిసారీ పోపు తగులుతుంది. పులుపూ కారమూ తోడైతే ఆ తీపి మొహం మొత్తదు.

అపోహ: గుమ్మడి ఓవెన్‌లో నీరు కారి ముద్దవుతుంది, లేకపోతే మాడుతుంది.

పచ్చి బటర్‌నట్‌లో 86 శాతం నీరే. ఆ నీరు ఆవిరిగా బయటకు పోవడానికి దారి ఉంటే ముక్క అంచులు ఎర్రబడతాయి. దారి లేకపోతే ముక్క తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. ట్రేలో నీళ్లు పోసి, పైన ఫాయిల్ కప్పి, ముక్కలను ఒకదాని మీద ఒకటి గుట్టగా పోసి పెట్టినవారు ఓవెన్‌ను ఇడ్లీ పాత్రగా వాడుతున్నారన్న మాట. అంగుళం ముక్కలను ఒకే వరుసలో, ఒకదానికొకటి తగలకుండా పరచి, 425 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద 25 నుంచి 30 నిమిషాలు ఉంచి, మధ్యలో ఒక్కసారి తిప్పితే చాలు. ట్రే ఇరుకైతే రెండు ట్రేలు పెట్టండి. మాడిపోయిందని చెప్పినవారి ముక్కలను చూస్తే ఒకటి ఉసిరికాయంత, ఇంకొకటి నిమ్మకాయంత ఉన్నాయి. ముక్కలన్నీ ఒకే పరిమాణంలో లేకపోతే ఏ ఓవెనూ న్యాయం చేయలేదు.

మిగిలినవి క్లుప్తంగా.

తొక్క తీసిన తర్వాతే బేక్ చేయాలన్న నియమమేదీ లేదు. డెలికాటా తొక్క, కబోచా తొక్క బేక్ చేస్తే మెత్తబడి తినడానికే పనికివస్తాయి. బటర్‌నట్, ఏకార్న్ చెక్కలను తొక్కతోనే బేక్ చేసి గుజ్జు తీసుకోవచ్చు. పచ్చి ఏకార్న్ గాడుల మధ్య తొక్క చెక్కబోయి వేలు తెగ్గోసుకొని కట్టుతో వచ్చినవారిని చూశాను కాబట్టి ఈ మాట చెబుతున్నాను. కాయ మరీ గట్టిగా ఉంటే అక్కడక్కడా కత్తి మొనతో లోతుగా పొడిచి, మైక్రోవేవ్‌లో మూడు నాలుగు నిమిషాలు పెట్టి తర్వాత కోయండి. పొడవకుండా పెడితే లోపలి ఆవిరికి కాయ పగిలే ప్రమాదం ఉంది.

నిండు గుమ్మడికాయను ఆడవాళ్లు కోయకూడదన్న పట్టింపు కొన్ని ఇళ్లలో ఇక్కడ కూడా ఉంది. ఆ నమ్మకాన్ని కాదనడం నా పని కాదు. పొడిచిన కాయను అలాగే ఓవెన్‌లో పెట్టి, గంటకు పైగా బేక్ చేసి, మెత్తబడ్డాక ఇంట్లో ఎవరు కోసినా రుచి ఒకటే.

ఓవెన్ వేడికి విటమిన్లన్నీ పోతాయన్నది తప్పు. ఓవెన్ 400 డిగ్రీలలో ఉన్నా, ముక్క లోపల నీరు ఉన్నంతసేపూ అక్కడి వేడి నీరు మరిగే స్థాయిని దాటదు. విటమిన్ సి కొంత తగ్గుతుంది. విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ బాగానే నిలుస్తుంది, ఆ కాస్త నూనె దాన్ని ఒంటికి పట్టేలా చేస్తుంది. కప్పు బేక్ చేసిన బటర్‌నట్‌తో పెద్దవారి రోజువారీ అవసరానికి మించే విటమిన్ ఎ సమకూరుతుంది.

బూడిద గుమ్మడి గురించి చదివినదాన్ని దీనికి అంటగట్టవద్దు. అది వేరే ప్రజాతి. మన తీపి గుమ్మడికి దగ్గర చుట్టం బటర్‌నట్. బటర్‌నట్ దొరకని ఊళ్లో తీపి గుమ్మడిని పైన చెప్పినట్టే ముక్కలు చేసి బేక్ చేసుకోవచ్చు.

పసిబిడ్డకు రోజూ గుమ్మడి గుజ్జు పెట్టగా అరచేతులు, ముక్కు కొన పసుపు రంగుకు తిరిగితే అది కామెర్లేమోనని హడలిపోయి, రాత్రంతా నిద్ర లేకుండా గడిపి వచ్చిన తల్లులున్నారు. వారి భయం అర్థం చేసుకోదగినదే. కెరోటిన్ వల్ల వచ్చే ఆ రంగు హానికరం కాదు, గుమ్మడి, క్యారెట్ తగ్గిస్తే కొన్ని వారాలలో పోతుంది. దానిలో కంటి తెల్లగుడ్డు పసుపెక్కదు. కళ్లు పసుపుగా ఉంటే మాత్రం నన్ను కాదు, వెంటనే పిల్లల డాక్టరును కలవాలి.

అపోహ: చేదుగా ఉన్నా ఉప్పో బెల్లమో వేసి తినేయవచ్చు, చేదు షుగరుకు మంచిది.

ఇక్కడ మాత్రం నాకు ఓపిక లేదు. కాకరకాయ చేదు వేరు, గుమ్మడిలో వచ్చే చేదు వేరు. గుమ్మడి, సొర, జుకినీ కుటుంబంలో చేదు వచ్చిందంటే కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం పెరిగిందని అర్థం. అది వండితే పోదు, ఓవెన్‌లో పెట్టినా పోదు. తీవ్రమైన వాంతులు, విరేచనాలు, ఒక్కొక్కసారి రక్తంతో కూడినవి, దాని ఫలితం. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో ఇంటి తోటలో పండిన చేదు జుకినీ తిని ఒక వృద్ధుడు మరణించారు. మన దేశంలో చేదు సొరకాయ రసం వల్ల జరిగిన అనర్థాలపై భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘమే పరిశీలన జరిపింది. దుకాణంలో కొన్న కాయలలో ఇది అరుదు. పెరట్లో పండినవాటిలో, అందులోనూ సొంతంగా దాచుకొన్న, స్నేహితులతో పంచుకొన్న విత్తనాలతో పండినవాటిలో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పక్కింటి అలంకారపు గుమ్మళ్ల పుప్పొడి తేనెటీగతో వచ్చి కలిస్తే మరుసటి ఏడు ఆ గింజ మొలిచి చేదు కాయ కాయవచ్చు. మనవాళ్లలో విత్తనాలు పంచుకునే అలవాటు ఎక్కువ కాబట్టి, పెరటి కాయను ట్రేలో పెట్టే ముందు గోరంత పచ్చి ముక్కను నాలుకకు తగిలించి చూసి, చేదైతే ఉమ్మేసి, కాయ మొత్తం చెత్తబుట్టలో వేయండి. పారేయడానికి మనసు రాక వండిన గిన్నెడు కూర ఆసుపత్రి బిల్లు కంటే చవక కాదు.

అపోహ: గుమ్మడి తింటే షుగరు నయమవుతుంది.

మానేయమనే పట్టిక పంపిన చేతులే ఆరు నెలలకు ఈ సందేశం కూడా పంపుతాయి. నయం కాదు. గుమ్మడి రసం మొదలుపెట్టి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపేసినవారు ఈ పూటే మళ్లీ వేసుకొని, డాక్టరుకు ఫోను చేసి జరిగింది చెప్పండి. ఆయన కోప్పడితే పడతారు. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారు గుమ్మడిని కూడా తప్పక లెక్కలో వేయాలి: బేక్ చేసిన బటర్‌నట్ అరకప్పుకు సుమారు 11 గ్రాములు, ఏకార్న్ అరకప్పుకు 15 గ్రాములు.

చివరగా కిడ్నీ జబ్బు ఉన్నవారికి. నేను పైన రాసిన ధైర్యమంతా మీకు వర్తించదు. బేక్ చేసిన బటర్‌నట్ కప్పులో 580 మిల్లీగ్రాములకు పైన, ఏకార్న్ కప్పులో దాదాపు 900 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ముక్కలను ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోస్తే అందులో కొంత పోతుంది గాని, బేక్ చేస్తే ఉన్నదంతా ముక్కలోనే నిలుస్తుంది. షుగరుతో పాటు కిడ్నీలు కూడా దెబ్బతిన్నవారు గుమ్మడి ఎంత తినవచ్చు, ఏ పద్ధతిలో వండుకోవాలి అన్నది మీ రక్తంలో పొటాషియం ఎంతుందో చూసిన తర్వాతే చెప్పగలిగే మాట. డైటీషియన్ దగ్గరకు వచ్చేటప్పుడు ఇటీవలి రిపోర్టు తెచ్చుకోండి, మీ మందుల చీటీ కూడా పెట్టుకోండి, ఎందుకంటే కొన్ని రక్తపోటు మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి.